అత్తగారి బిస్కెట్ డబ్బాలో ఫొటో: ఐయోవా అవ్వ పుట్టింటి పేరు కనుక్కోవాలి, సాయం చేయండి

తెనాలమ్మాయి (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ వంశవృక్షాల మీద మీరు రాసేవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. మాది తెనాలి. పదిహేనేళ్ళుగా ఐయోవాలోని సీడర్ ర్యాపిడ్స్‌లో ఉంటున్నాం. మావారు అమెరికన్. వాళ్ళమ్మ వైపు వాళ్ళు తరతరాలుగా ఇక్కడి రైతులే. మా అత్తగారికి ఇప్పుడు 78 ఏళ్ళు. ఈమధ్య మరుపు మొదలైంది. పొద్దున తిన్నది గుర్తుండదు, చిన్నప్పటి సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెప్తారు. అవి కూడా పోకముందే రాసి పెట్టుకోవాలని నా ఆరాటం.

పోయిన వారం ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నిండా ఫొటోలు. అందులో ఒకటి చేతిలో ఇమిడేంత చిన్నది, దళసరి అట్ట మీద అంటించి ఉంది. నల్ల గౌను, మెడ దాకా బొత్తాలు, పాపిట తీసి చెవుల మీదుగా దువ్విన జుట్టు. కుర్చీ వెనక నిలబడి ఒక చెయ్యి కుర్చీ మీద వేసింది. ఆ చేతి వేళ్ళ కణుపులు లావుగా ఉన్నాయి, పొలం పని చేసిన చెయ్యని చూడగానే తెలుస్తోంది. వెనక పెన్సిల్‌తో 'గ్రాండ్‌మాస్ మదర్, ఐయోవా' అని ఉంది. అంతే. పేరు లేదు.

ఈవిడ ఎవరని అత్తగారిని అడిగితే 'మా వాళ్ళే, మొదట్లో బండి కట్టుకుని వచ్చినావిడ' అన్నారు. డబ్బు కట్టి చూసే ఒక వెబ్‌సైటులో వీళ్ళ వంశవృక్షం ఎవరో పెట్టారు. మగవాళ్ళ పేర్లు ఏడు తరాల దాకా ఉన్నాయి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ముందుపేరు, పక్కన ఖాళీ. పుట్టింటి పేరు ఒక్కదానికీ లేదు. మా పాపకి పదేళ్ళు. 'అమ్మా, ఈమెకి ఇంటిపేరు లేదా?' అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? (అత్తగారి వాళ్ళ పేర్లు బయట పెట్టడం ఆవిడకి ఇష్టం లేదు. మేం ఇంట్లో ఆమెని 'ఫొటో అవ్వ' అంటున్నాం, ఇక్కడా అలాగే రాస్తాను.)


పాతకాగితం (ఆదివారం ఉదయం)

అమ్మాయ్, ముందు నాకు రెండు సంగతులు చెప్పు. ఒకటి, వెనక రాసిన పెన్సిల్ రాత ఎవరిది? రెండు, ఫొటో వెనక ఇంకేమైనా ఉందా, స్టూడియో పేరు గానీ, ముద్ర గానీ, మరక గానీ?

మొదటిది ఎందుకంటే, 'గ్రాండ్‌మా' ఎవరి గ్రాండ్‌మా అన్నది రాసినవాళ్ళని బట్టి మారిపోతుంది. మీ అత్తగారే రాసి ఉంటే ఒక మనిషి. వాళ్ళమ్మ రాసి ఉంటే ఒక తరం వెనకటి మనిషి, అంటే పాతికేళ్ళ తేడా. పైగా మనకైతే అమ్మమ్మ, నాయనమ్మ అని వేరు వేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెండూ ఒకటే. ఏ వైపు గ్రాండ్‌మా అన్నది తేలకపోతే వేరే ఇంటి చెట్టెక్కి కూర్చుంటాం. నాకు అలా రెండేళ్ళు వృథా అయ్యాయి.


తెనాలమ్మాయి (ఆదివారం మధ్యాహ్నం)

బాబాయ్ గారూ, మీరు అడిగాక వంటింట్లో ఉన్న రెసిపీ కార్డుల పెట్టె తీశాను. అత్తగారి అమ్మగారు స్వయంగా రాసిన 'రూబార్బ్ పై' (పుల్లటి కాడలతో చేసే తీపి వంటకం) కార్డు ఒకటుంది. దాని పక్కన ఫొటో పెట్టి చూస్తే 'జి' అక్షరం కింద కొక్కెంలా తిప్పడం అచ్చు ఒకేలా ఉంది. అత్తగారు కూడా చూసి 'అమ్మ రాతే' అన్నారు. ఆవిడ పుట్టింది 1915లో.

ఆ అమ్మగారు చిన్నప్పుడు ఏ గ్రాండ్‌మా దగ్గర పెరిగారని అడిగితే అత్తగారు టక్కున చెప్పారు. వాళ్ళమ్మ వాళ్ళమ్మ, కింది గదిలో ఉండేదట, కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచేదట. అంటే అమ్మమ్మే.

ఇక వెనక, పెన్సిల్ రాత కింద చిన్న స్టాంపు ఉంది. మీద సిరాతో రెండు గీతలు కొట్టి ఏవో పొడి అక్షరాలు వేశారు. ఉత్తరానికి అంటించాల్సింది పొరపాటున దీనికి అంటించారేమో అనుకున్నాను.


పాతకాగితం (ఆదివారం మధ్యాహ్నం)

పొరపాటు కాదు! అది పోస్టు స్టాంపు కాదమ్మా, పన్ను స్టాంపు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ఖర్చుల కోసం అప్పటి ప్రభుత్వం ఫొటోల మీద కూడా పన్ను వేసింది. 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 దాకానే ఆ పన్ను ఉంది. ఫొటో ఖరీదుని బట్టి రెండు సెంట్లు, మూడు సెంట్లు అలా స్టాంపు అంటించి, మళ్ళీ వాడకుండా ఫొటోగ్రాఫరు తన పొడి అక్షరాలు వేసి కొట్టేసేవాడు. నువ్వు చూసినవి అవే.

అంటే నీ ఫొటో ఆ రెండేళ్ళ లోపు తీసింది. మనిషికి ఎన్నేళ్ళుంటాయి?


తెనాలమ్మాయి (ఆదివారం సాయంత్రం)

ముప్పై దాటి ఉంటాయి, నలభై ఉండవు. ఒళ్ళు గగుర్పొడుస్తోంది నాకు. ఇంత చిన్న స్టాంపు ఇంత చెప్తుందా!


పాతకాగితం (ఆదివారం సాయంత్రం)

చెప్తుంది. 1830 ప్రాంతంలో పుట్టినావిడ. అత్తగారి అమ్మ రాశారన్న లెక్కకీ ఇది సరిపోయింది. 1915లో పుట్టినావిడకి అమ్మమ్మ వాళ్ళమ్మ అంటే మూడు తరాలు, ఇంచుమించు 80 ఏళ్ళు. రెండు వేరు వేరు దారుల్లో ఒకే చోటికి వచ్చాం కాబట్టి ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. ఆ వెబ్‌సైటులోని చెట్టుని మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టు.


ఒమాహా_శ్రీను (ఆదివారం రాత్రి)

అక్కా, హోమ్‌స్టెడ్ ఫైలు తెప్పించండి. నేను నెబ్రాస్కాలో ఉంటాను. 1862 మే 20న లింకన్ సంతకం పెట్టిన చట్టం అది, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాల ప్రభుత్వ భూమి సొంతం. మొదటి దరఖాస్తుల్లో ఒకటిగా చెప్పే డేనియల్ ఫ్రీమన్ పొలం బియాట్రిస్ దగ్గర ఇప్పుడు జాతీయ పార్కుగా ఉంది, మా పిల్లల్ని తీసుకెళ్ళాను. ఆ ఫైళ్ళలో ఇరుగుపొరుగు ఇచ్చిన సాక్ష్యాలు ఉంటాయి. ఇల్లు ఎన్ని అడుగులు, కిటికీలెన్ని, ఎన్ని ఎకరాలు దున్నారు, పిల్లలెందరు, అన్నీ. పెళ్ళి కాని ఆడవాళ్ళూ, భర్త పోయినవాళ్ళూ 21 ఏళ్ళు నిండితే సొంత పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు.


మినియాపొలిస్_వాణి (ఆదివారం రాత్రి)

శ్రీనూ, నెబ్రాస్కాకి, డకోటాలకి అది బంగారం. తూర్పు ఐయోవాలో 1862 నాటికే భూమి చాలావరకు అమ్ముడైపోయింది. డబ్బిచ్చి కొన్నవాళ్ళు, పాత యుద్ధాల సైనికులకిచ్చిన వారంట్ల (భూమి తీసుకునే హక్కు పత్రాల) మీద తీసుకున్నవాళ్ళు. భూమి పట్టాలు ల్యాండ్ ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు, అది ఎలాగూ చూడండి. కానీ పట్టాలో ఉండేది భర్త పేరే.

జనాభా లెక్కలతో మొదలుపెట్టండి అమ్మాయి గారూ. 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు, మిగతావాళ్ళంతా వయసుల గడుల్లో అంకెలు. 'ఇరవై నుంచి ముప్పై మధ్య ఆడవాళ్ళు' అనే గడిలో 1 అని ఉంటే, ఆ ఒకటే మన ముత్తవ్వ. 1850లో మొదటిసారి ఇంట్లో అందరి పేర్లూ రాశారు (బానిసలుగా ఉన్న నల్లవారికి అప్పటికీ ఆ పేరు దక్కలేదు). 1880లో ఇంటి పెద్దకి ఏమవుతారో రాయడం మొదలైంది. 1890 లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో చాలావరకు పోయాయి, వాటి కోసం వెతక్కండి. 1900లో ఆడవాళ్ళని రెండు ప్రశ్నలు ప్రత్యేకంగా అడిగారు: ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు. ఆ రెండు గడులూ చూసినప్పుడల్లా నాకు చెయ్యి ఆగిపోతుంది. పదకొండు, పక్కనే ఐదు. ఇంకో ఇంట్లో ఎనిమిది, పక్కనే రెండు.

మీరు 1860తో మొదలుపెట్టండి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైటులో ఖాతా ఉచితం.


తెనాలమ్మాయి (బుధవారం రాత్రి)

మూడు రాత్రులు కూర్చున్నాను. 1860లో దొరికారు! భర్త 30, రైతు. ఆమె 27, పుట్టింది ఒహాయోలో. ఐదేళ్ళ బాబు. చివర్లో రెండేళ్ళ పాప. ఆ పాపే తర్వాత కిటికీ పక్కన బఠాణీలు ఒలిచిన అమ్మమ్మ. ముందుపేరు, వయసు, ఊరు అన్నీ కలిశాయి.

కానీ 1870లో ఎవ్వరూ లేరు. భర్త లేడు, ఆమె లేదు, పిల్లలు లేరు. ఆ టౌన్‌షిప్ (మన మండలం లాంటిది) మొత్తం పేజీ పేజీ చదివాను. ఆ ఇంటిపేరే లేదు. ఎక్కడికైనా వెళ్ళిపోయారా? నిన్న రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, మావారు నవ్వారు, 160 ఏళ్ళు ఆగిన మనిషి ఇంకో రెండు రోజులు ఆగుతుందిలే అని.


గోదారిగట్టు (బుధవారం రాత్రి)

అమ్మా, 1860కీ 1870కీ మధ్య ఆ అంతర్యుద్ధం ఉంది. ముప్పై ఏళ్ళ రైతు. ఐయోవా నుంచి సుమారు 76,000 మంది సైన్యంలోకి వెళ్ళారు, 13,000 మంది దాకా తిరిగి రాలేదు. ఎక్కువమంది పోయింది తుపాకీ దెబ్బలకి కాదు, విరేచనాలు, టైఫాయిడ్, జ్వరాలతో. 1863లో మిసిసిపి నది ఒడ్డున విక్స్‌బర్గ్ ముట్టడిలో ఐయోవా దళాలు చాలా ఉన్నాయి. ముందు ఆయన పేరు సైనికుల జాబితాలో చూడండి.

ఫొటోలో నల్ల గౌను అన్నారు. అప్పట్లో నల్ల గౌను మామూలుగానూ వేసుకునేవారు కాబట్టి దాన్నిబట్టే చెప్పలేం గానీ, నాకెందుకో మనసుకి అనిపించింది.


తెనాలమ్మాయి (గురువారం రాత్రి)

ఉన్నాడు. 1862లో చేరాడు. మరుసటి వేసవిలో నది పక్క ఆసుపత్రిలో జబ్బుతో పోయాడు. ఫొటో తీయించుకునే నాటికి ఆమెకి భర్త లేడు.

అత్తగారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'మరి పొలం ఎవరు దున్నారు?' అని అడిగారు. రైతు బిడ్డ కదా, ముందు అదే గుర్తొచ్చింది.


పాతకాగితం (గురువారం రాత్రి)

అయితే ఇప్పుడు ఆమె మాట్లాడే కాగితం ఉంటుంది. 1862 జులై 14 చట్టం ప్రకారం సైనికుడి భార్యకి పెన్షన్ వచ్చేది, మామూలు సిపాయి అయితే నెలకి 8 డాలర్లు. 1866 నుంచి పదహారేళ్ళ లోపు ఒక్కో బిడ్డకి ఇంకో 2 డాలర్లు. కానీ ఊరికే ఇవ్వరు. పెళ్ళయిందని రుజువు చెయ్యాలి, పిల్లలు పుట్టిన తేదీలు రుజువు చెయ్యాలి. పెళ్ళి రిజిస్టరు నకలు, బైబిల్లో రాసుకున్న పుట్టిన తేదీల పేజీ, పురుడు పోసినావిడ ప్రమాణ పత్రం, ఇవన్నీ ఫైల్లో చేరేవి. మిగతా కాగితాలన్నిట్లో ఆడమనిషి భర్త నీడలో ఉంటుంది. ఇందులో మాత్రం తనే దరఖాస్తుదారు. ప్రభుత్వ పాత కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ నుంచి తెప్పించుకోవాలి. నేను తెప్పించినప్పుడు 80 డాలర్లు అయింది.

ఇంకో మాట. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటే పెన్షన్ ఆగిపోయి, పిల్లల పేరు మీదికి మారేది. 1870లో కనపడకపోవడానికి అదే కారణమనుకుంటున్నా. ఇంటిపేరు వదిలేసి, ముందుపేర్లు, వయసులు, ఒహాయో, ఈ మూడింటితోనే వెతుకు. పిల్లల్ని మారుతండ్రి ఇంటిపేరుతో రాసి ఉంటారు.

దీనికి ఒక పేరున్న ఉదాహరణ చెప్తాను. పిల్లల రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ తల్లి కెరొలైన్. ఆమె 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో పుట్టింది. తండ్రి హెన్రీ క్వైనర్ 1845లో మిషిగన్ సరస్సులో ఓడ మునిగి పోయాడు. తల్లి షార్లెట్ నాలుగేళ్ళు పిల్లల్ని ఒంటిచేత్తో సాకి, 1849లో ఫ్రెడరిక్ హోల్‌బ్రూక్‌ని పెళ్ళి చేసుకుంది. అంటే షార్లెట్ పుట్టింటి పేరు టక్కర్, తర్వాత క్వైనర్, తర్వాత హోల్‌బ్రూక్. ఒక్క మనిషి, మూడు ఇంటిపేర్లు. కెరొలైన్ 1860లో ఛార్లెస్ ఇంగల్స్‌ని చేసుకుంది. లోకం ఇంగల్స్ వంశం అని గుర్తుపెట్టుకుంది, టక్కర్ల ఊసు ఎవరికీ పట్టదు. ఇంకో విశేషం, కెరొలైన్ అన్న, చెల్లెలు కూడా ఇంగల్స్ వాళ్ళనే చేసుకున్నారు. మన కుండ మార్పిడి పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. కొత్త నేలమీద పక్క పొలం వాళ్ళే సంబంధాలు. కాబట్టి ఫొటో అవ్వ కోసం వెతికేటప్పుడు ఆమె చుట్టుపక్కల ఇళ్ళు కూడా రాసుకో. పెళ్ళికొడుకు అక్కడే ఉండొచ్చు.


తెనాలమ్మాయి (శుక్రవారం అర్ధరాత్రి)

రాత్రి ఒంటిగంటన్నర అయింది. దొరికింది. 1860లో వీళ్ళకి మూడిళ్ళ అవతల ఉన్న రైతు. అప్పుడు అతనికి భార్య, ముగ్గురు పిల్లలు. 1870లో ఆ భార్య లేదు. ఆ చోట ఫొటో అవ్వ ఉంది, 37 ఏళ్ళు, ఒహాయో. అతని ముగ్గురు పిల్లలు, ఈమె ఇద్దరు, తర్వాత పుట్టిన ఇంకో ఇద్దరు. ఏడుగురు పిల్లలకీ అతని ఇంటిపేరే రాశారు. 1880 చూస్తే మన అమ్మమ్మ పేరు పక్కన స్పష్టంగా 'సవతి కూతురు' అని ఉంది.

నాకు ఏడుపొచ్చేసింది. వంటింట్లో లైటు వేసుకుని కూర్చున్నాను. మూడిళ్ళ అవతల. ఆ భార్య పోయినప్పుడు ఈమే అన్నం వండి తీసుకెళ్ళి ఉంటుంది కదా.


మినియాపొలిస్_వాణి (శనివారం ఉదయం)

ఇది మీరు సాధించారు, మేం కాదు. ఇప్పుడు సమాధి కూడా రెండో ఇంటిపేరు మీద వెతకండి. రాయి చదవడానికి సబ్బు, షేవింగ్ క్రీమ్ లాంటివి వాడొద్దు, రాయి పాడవుతుంది. మంచినీళ్ళు, మెత్తటి కుంచె, ఒక అద్దం పట్టుకెళ్ళండి. అద్దంతో ఎండని పక్కవాటుగా రాయి మీదికి కొడితే అరిగిపోయిన అక్షరాలు నీడ తేలి కనిపిస్తాయి.

ఇక పుట్టింటి పేరుకి మీ రాష్ట్రంలో ఉన్న అదృష్టం వేరే ఎక్కడా లేదనే చెప్తాను. 1925 ఐయోవా రాష్ట్ర జనాభా లెక్కలు. అందులో ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, వాళ్ళ పెళ్ళి ఎక్కడైందో కూడా అడిగారు. ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళని కూడా! ఆ అమ్మమ్మ 1858లో పుట్టింది, 1925కి 67. బతికుంటే చాలు.


ఆలోచన (శనివారం మధ్యాహ్నం)

మీ శ్రద్ధకి నా గౌరవం. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 'మొదట బండి కట్టుకుని వచ్చినావిడ' అన్నారు. ఆ నేల మీద ముందే సాక్, మెస్క్వాకీ అనే ఆదివాసీ జనం ఉన్నారు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధం తర్వాత వాళ్ళ దగ్గర భూమి లాక్కుని, 1833 జూన్ నుంచి వలసదారులకి తెరిచారు. వాళ్ళ ముత్తవ్వలకి ఏ పెన్షన్ ఫైలూ లేదు. ఇది కూడా ఆ చరిత్రలో భాగమే కదా.


గోదారిగట్టు (శనివారం మధ్యాహ్నం)

నిజం. ఇందాక వాణి గారు చెప్పిన కెరొలైన్ సంగతే చూడండి (క్షమించాలి, పాతకాగితం గారు చెప్పింది). 1870లో ఆ కుటుంబం కాన్సాస్‌లో మాంట్‌గొమరీ కౌంటీలో ఉంది, మూడో కూతురు కేరీ అక్కడే పుట్టింది. ఆ నేల అప్పటికి ఒసేజ్ అనే ఆదివాసీ జనానిది. జనాభా లెక్కల్లో వీళ్ళ భూమి విలువ గడి ఖాళీగా ఉంది, ఎందుకంటే పట్టా లేదు. కాగితాన్ని సరిగ్గా చదివితే అది రెండు పక్కలా మాట్లాడుతుంది.


తెనాలమ్మాయి (శనివారం రాత్రి)

ఆలోచన గారూ, మీరు అన్నది మనసులో పెట్టుకున్నాను. మాకు గంట దూరంలోనే టామా కౌంటీలో మెస్క్వాకీ వాళ్ళ ఊరు ఉంది. పంపించేసిన తర్వాత తిరిగొచ్చి, 1857లో 80 ఎకరాలు తమ డబ్బుతో కొనుక్కున్నారు, తమ నేలనే. ఆగస్టులో వాళ్ళ ఉత్సవానికి వెళ్తుంటాం. పాప తయారు చేస్తున్న పుస్తకంలో ఫొటో అవ్వ పేజీకి ముందు ఆ పేజీ ఉండాలని నిన్ననే చెప్పాను. ఆమె వచ్చిన ఏడాది రాసి, అప్పటికి ఆ నేల ఎవరి చేతుల్లోంచి పోయి ఎన్నేళ్ళయిందో కూడా రాయమన్నాను.


ఒమాహా_శ్రీను (శనివారం రాత్రి)

అక్కా, డీఎన్ఏ పరీక్ష కూడా చేయించరాదూ? ఫొటో అవ్వ, ఆమె కూతురు, మనవరాలు, అత్తగారి అమ్మ, అత్తగారు. మధ్యలో మగవాళ్ళెవరూ లేరు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ ఆమె నుంచి అత్తగారికి అలాగే వచ్చి ఉంటుంది. బావగారికీ ఉంటుంది గానీ ఆయన నుంచి పాపకి రాదు. పాపకి వచ్చింది మీది, తెనాలి అమ్మమ్మలది.


తెనాలమ్మాయి (ఆదివారం సాయంత్రం)

శ్రీనూ, ఆ చివరి మాట పాపకి చదివి వినిపించాను. వెంటనే అడిగింది: 'అయితే నీ అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ పేరేంటి?' నాకు తెలియదు. ఐయోవా రైతు భార్య గురించి నిద్ర మానుకుని వెతికిన నాకు, నా సొంత అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు దాటి తెలియదు.

నాన్నకి ఫోన్ చేశాను. తద్దినంలో చెప్పే పేర్లు గడగడా చెప్పారు, వాళ్ళమ్మ, నాయనమ్మ, ముత్తవ్వ. మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు, గోత్రంతో సహా. కానీ అవి మెట్టింటి గోత్రాలే. పుట్టిళ్ళు ఏవని అడిగితే ఆయనా ఆగిపోయారు. అమ్మని అడుగుతానన్నారు. మేనత్తలని కూడా.


గోదారిగట్టు (ఆదివారం రాత్రి)

పాత దస్తావేజులు చూడమనండి. పొలం అమ్మకాల్లో 'ఫలానా వారి భార్య' అని ఉంటుంది. కానీ పుట్టింటి వాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి అయితే తండ్రి పేరూ ఉంటుంది. మా నాయనమ్మ పుట్టిల్లు నాకు అలాంటి కాగితంలోనే దొరికింది. మన దగ్గర జనాభా లెక్కల కాగితాలు మనిషి మనిషికీ బయటికి ఇవ్వరు కాబట్టి, ఉన్నవి ఇవే. ఇంకా బతికున్న పెద్దవాళ్ళ నోళ్ళు. ఆలస్యం చేయకండి.


తెనాలమ్మాయి (తర్వాతి గురువారం)

1925 పేజీ దొరికింది.

మధ్యాహ్నం అత్తగారు కాఫీ తాగుతుంటే పక్కన లాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాను. ఆ ఇంట్లో ఐదుగురు. అల్లుడు, కూతురు, 67 ఏళ్ళ అమ్మమ్మ, ఇద్దరు పిల్లలు. అందులో ఒక పిల్ల వయసు 10. ఆ పదేళ్ళ పిల్లే పెద్దయ్యాక ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిన అత్తగారి అమ్మ. ఎవరి గురించి రాసిందో, ఎవరు చెప్తే రాసిందో, అందరూ ఒకే పేజీ మీద ఉన్నారు.

అమ్మమ్మ వరసలో కుడివైపుకి జరుపుకుంటూ వెళ్ళాను. తండ్రి పేరు, యుద్ధంలో పోయిన సైనికుడిది, మారుతండ్రిది కాదు. తర్వాత గడి, తల్లి పుట్టింటి పేరు. ఉంది! పక్కన పెళ్ళి జరిగిన చోటు, ఒహాయోలో ఒక ఊరు.

ఆ పేరు అత్తగారికి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా పైకి చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత చెప్పారు, వాళ్ళ అన్నయ్యకి అది మధ్యపేరుగా పెట్టారట, ఎందుకు పెట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదట. 78 ఏళ్ళుగా ఆ ఇంటిపేరు వాళ్ళ మధ్యే తిరుగుతోంది!


మినియాపొలిస్_వాణి (గురువారం రాత్రి)

కళ్ళు చెమర్చాయి. మధ్యపేర్లలో పుట్టింటి పేర్లు దాచుకోవడం వాళ్ళలో చాలా ఉంది. మొదటే అడగమని చెప్పాల్సింది, నాకు తట్టలేదు.


తెనాలమ్మాయి (ఏడు వారాల తర్వాత)

పెన్షన్ ఫైలు వచ్చింది. అరవై పేజీల పైనే. ఈ చర్చ చదివినవాళ్ళందరికీ చెప్పాలనిపించి మళ్ళీ వచ్చాను.

పురుడు పోసినావిడ ప్రమాణ పత్రం ఉంది, ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ తాను ఆ గదిలోనే ఉన్నానని. చదువుతుంటే ఎవరో అర్థమైంది. మూడిళ్ళ అవతలి రైతు మొదటి భార్య. ఏ స్థలంలోకి ఫొటో అవ్వ తర్వాత వెళ్ళిందో ఆవిడే.

పుట్టింటి పేరు పెళ్ళి నకల్లో ఉంది, 1925లో రాసినదానికి ఒక్క అక్షరం తేడా. దరఖాస్తు చివర గుమస్తా అందమైన చేతిరాతతో ఆమె పూర్తి పేరు రాశాడు. ముందుపేరుకీ ఇంటిపేరుకీ మధ్య కాస్త ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో వంకరగా ఒక ఇంటూ గుర్తు. గుర్తు పైన 'ఆమె', కింద 'గుర్తు' అని చిన్నగా రాశాడు. మన దస్తావేజుల్లో 'ఫలానా ఆమె నిశాని' అని ఉంటుందే, అచ్చం అదే. ఒక గీత తేలికగా పడింది, రెండోది గట్టిగా నొక్కడంతో సిరా ఊరి పక్కకి పాకింది. చదువు రాదు ఆమెకి. ఫొటోలో కుర్చీ మీద వేసిన చెయ్యే అది గీసింది.

సమాధి దగ్గరికి కూడా వెళ్ళాం. వాణి గారు చెప్పినట్టు పాప అద్దం పట్టుకుంది, నేను నీళ్ళు చల్లాను. రెండో ఇంటిపేరు, కింద బతికిన కాలం ఏళ్ళు, నెలలు, రోజులతో సహా. పోయిన తేదీలోంచి అది తీసేసి పాప అక్కడే గడ్డిలో కూర్చుని పుట్టిన రోజు లెక్కకట్టింది. నవంబరు అని తేలింది. ఈ ఏడాది అత్తగారు ఆ రోజు రూబార్బ్ పై చేస్తానంటున్నారు. అప్పటికి రూబార్బ్ దొరకదు కాబట్టి ఇప్పుడే కోసి ఫ్రీజర్‌లో పెట్టాం.


పాతకాగితం (అదే రాత్రి)

ఫొటో వెనక పెన్నుతో ఏమీ రాయకండి. ఆమ్లం లేని కాగితం కవరు కొని, ముందు దాని మీద పెన్సిల్‌తో రాసి, తర్వాత ఫొటో అందులో పెట్టండి. మూడు ఇంటిపేర్లూ రాయండి.

ఒహాయోలో పెళ్ళి అయిన కౌంటీ పేరు నాకు విడిగా పంపు అమ్మా. పెళ్ళినాటికి ఆమెకి ఇరవై దాటలేదు కదా. మైనరైతే తండ్రి ఒప్పుకున్నట్టు రిజిస్టరులోనే రాసి ఉండొచ్చు. అక్కడి పెళ్ళి పుస్తకాలు కంప్యూటర్లో ఉన్నాయి, సోమవారం కూర్చుని చూస్తాను.


తెనాలమ్మాయి (అదే రాత్రి)

పంపాను బాబాయ్ గారూ. కవరు మీద అత్తగారే రాశారు, చెయ్యి వణికినా వాళ్ళమ్మలాగే 'జి' కింద కొక్కెం తిప్పారు. కింద పాప తెలుగులో రాసింది.

అమ్మ కూడా ఫోన్ చేసింది. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గరట. పేరు మా పెద్దమ్మకి తెలిసి ఉంటుందంది. రేపు పొద్దున్నే చేస్తాను.